దాటేసిన గడప

మిగతా ఊళ్ళవాళ్ళు మరమరాలనుకున్నా, బొరుగులనుకున్నా దేవరపేటలో వాటిని మురీలనే అంటారు. చీపురుపల్లి సంతలో మంచి మురీల బస్తా దిగిందంటే అది దేవరపేట సరుకై ఉంటుంది. దేవరపేట సరుకంటే మురీల వీధి ఆడవాళ్ళ చేతి సరుకు. వీధి పొడవునా ప్రతి ఇంటి ముందూ ఒక బట్టీ, బట్టీ వెనక ఒక రేకుల గది. గది కంటే బట్టీయే పెద్దది. చుట్టాలొస్తే బట్టీ దగ్గరే కూర్చోబెడతారు, లోపల కూర్చోబెట్టడానికి చోటుండదు గనక.

సోమవారం పొద్దున్న యుగంధర్ కారు వచ్చి ఆగేసరికి నీలవేణి వాయి మధ్యలో ఉంది. మూకుట్లో ఇసక బాగా కాగి ఉంది. ఎడమచేత్తో గుప్పెడు గుప్పెడు ఊక పొయ్యిలోకి విసురుతూ, ఉప్పునీళ్ళు పట్టించి వేయించిన బియ్యం ఆ ఇసకలో పోసి, పుల్లల కట్టతో గబగబా కలిపింది. బియ్యం చిటపటమంటూ పొంగి మూకుడంతా తెల్లబడిపోయింది. ఆ సమయంలో పక్కకి చూస్తే మురీలు మాడతాయి. అందుకని ఎంత పెద్దమనిషి వచ్చి నిలబడ్డా మురీల వీధిలో ఆడది ముందు మూకుట్లోవి జల్లెడలోకి ఊడ్చుకుంటుంది, ఆ తర్వాతే నమస్కారం పెడుతుంది. యుగంధర్‌కి ఈ సంగతి తెలుసు. తెల్లచొక్కా మీద ఊకబూడిద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నరసన్నపేటలో బట్టల కొట్టు పెట్టి పైకొచ్చిన మనిషి అతను. వీధి చివర మూతపడ్డ రైసుమిల్లు స్థలం కొని, ప్లాట్లు వేద్దామని చూస్తున్నాడు. ఎటొచ్చీ, మిల్లు బాగా ఆడిన రోజుల్లో ఊరి ప్లాను గీసినవాళ్ళు మిల్లునీ, దాన్ని ఆనుకున్న ఈ వీధినీ కలిపి వ్యాపార స్థలమని ఒకే రంగు వేసి ఊరుకున్నారు. మిల్లు మూతపడింది గాని రంగు మారలేదు. వ్యాపార స్థలంలో ఇల్లు కట్టుకుంటానంటే అనుమతి ఇవ్వరు. అనుమతి లేకపోతే గవర్నమెంటు ఇల్లూ రాదు, బ్యాంకు లోనూ రాదు. సొంత జాగాలో ఉంటూ కూడా ఈ వీధి వాళ్ళు రేకుల కింద ఉడకడం అందుకే. ఇళ్ళ స్థలంగా మార్చమని వీళ్ళు ఎప్పట్నించో తిరుగుతున్నారు. యుగంధర్‌కి అవసరం పడ్డాక ఫైలు కదిలింది.

"ఏమ్మా నీలవేణీ, గురువారం సభ. గుర్తుంది కదా?" అన్నాడు.

"గుర్తు నేకేటి బాబూ! ఈ ఈదిలో పసిగుంటలకి కూడా గుర్తే."

"గుర్తుంటే చాలదమ్మా, రావాలి. వీధంతా వచ్చి మాకు ఇళ్ళ స్థలంగానే కావాలని చేతులెత్తితే ఫైలు పైకెళ్తుంది. నలుగురొచ్చి మిగతావాళ్ళు మానేస్తే వాయిదా వేస్తారు. ఇక మళ్ళీ ఎప్పుడో."

నీలవేణి భర్త సోములు అప్పుడే ట్రాలీ ఆటోలో ఊక బస్తాలు తెచ్చి దింపుతున్నాడు. "మగోళ్ళకి నేను సెప్తాను బాబూ. అందర్నీ నేనొట్టుకొస్తాను" అన్నాడు.

"నువ్వు సెప్తే ఆలు టీకొట్టు దాకా వస్తారు" అంది నీలవేణి. "మగోళ్ళతోటి పనేటి బాబూ? పట్టాలు మా పేరున ఉన్నాయి, బట్టీలు మావి. నేను బొట్టెట్టి పిలుస్తాను. ఎలగ రారో సూస్తాను."

యుగంధర్ నవ్వాడు. వెళుతూ వెళుతూ జల్లెడలోంచి రెండు మురీలు తీసి నోట్లో వేసుకుని, వేడికి నాలుక కాల్చుకుని, "బాగున్నాయమ్మా" అన్నాడు. నీలవేణికి ఆ పూట ఎంత ఊక విసిరినా చెయ్యి నొప్పెట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం పొయ్యిలు చల్లారాక నీలవేణి తలంటు పోసుకుని, చెల్లెలి పెళ్ళిలో పెట్టిన జరీ అంచు చీర కట్టుకుంది. కుంకం భరిణె తీసుకుంది. తోడు ఎదురింటి ధనలక్ష్మిని రమ్మంది. బొట్టు పిలుపుకి ఒంటరిగా వెళ్ళరు.

"పెళ్ళా, పేరంటమా? ఆఫీసరు మీటింగుకి బొట్టేటే!" అని సోములు నవ్వాడు.

"ఇల్లు కంటే శుభమేటున్నాది?" అంది నీలవేణి.

ఆ మాట నిజమే. ఆ చుట్టుపక్కల పెళ్ళికి కార్డిచ్చి పిలిస్తే వెళ్ళినా వెళ్ళకపోయినా అడిగేవాళ్ళుండరు గాని, ఇంటికొచ్చి నుదుట బొట్టు పెట్టి పిలిచాక వెళ్ళకపోవడమనేది ఉండదు. జ్వరమొచ్చినా కాసేపు కనబడి రావలసిందే. నీలవేణికి ఈ ఉపాయం తోచినందుకు వీధంతా తర్వాత మెచ్చుకుంది కూడా.

పిలుపు వీధి మొదటి నుంచి మొదలుపెట్టాలి. వీధి మొదట్లో ఇల్లు జగ్గమ్మది.

జగ్గమ్మ ఆ వీధికంతా పెద్దది. కొత్తకోడలుగా వచ్చి, మొదటి రోజే వాయి మాడ్చుకుని ఏడుస్తూ కూర్చున్న నీలవేణిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇసక ఎంత కాగిందో చూపుతో కాకుండా చెవితో ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆవిడే. నీలవేణి అత్తా అని పిలుస్తుంది. సొంత అత్తగారు కూడా అంత ఓపిగ్గా ఏదీ నేర్పలేదు. కాని జగ్గమ్మకి భర్త లేడు. భర్త లేని ఆడవాళ్ళకి బొట్టు పెట్టరు, నోటి మాటతో పిలుస్తారు. అలా పిలవడమూ మర్యాదే.

ధనలక్ష్మి, నీలవేణి గుమ్మం దిగేసరికి జగ్గమ్మ తన బట్టీ ముందు కూర్చుని జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న ఇసకని పుల్లతో పొడిచి తీస్తోంది. ధనలక్ష్మి నీలవేణి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మొదటి గడప ఆలదే అవతాది. శుభమాని ఎల్తన్నాం. ఆగే కాసేపు."

"ఆగడమేటే, అత్త కదా."

"అత్తే. కాదన్నానేటి? తర్వాత నోటితో సెప్దుం. ఎక్కడికి పోతాది?"

ఇద్దరూ సోములు ట్రాలీ ఆటో చాటున నిలబడ్డారు. నీలవేణికి ఏదోలాగే ఉంది గాని అడుగు ముందుకి వెయ్యలేదు. మనసులో ఎక్కడో ధనలక్ష్మి మాటే తన మాట కూడా అని ఆవిడకి తెలుసు. ఇల్లనేది ఇన్నాళ్ళకి దగ్గరకొచ్చింది, చేతులారా అపశకునం కొని తెచ్చుకోవడం ఎందుకు అనిపించింది. కాసేపటికి జగ్గమ్మ జల్లెడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇద్దరూ గబగబా ఆ గడప దాటి రెండో ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టారు.

ఆ తర్వాత అంతా సరదాగానే గడిచింది. ఒకావిడ బొట్టు పెట్టించుకుని, చీర ఏది కట్టుకోను అని అడిగింది. ఇంకొకావిడ భోజనాలున్నాయా అంది. ఒకింట్లో మొగుడూ పెళ్ళాలు తగువులాడుకుంటూ ఉంటే, మధ్యలో దూరి పెళ్ళాం నుదుట బొట్టు పెట్టి, తగువు ముగిశాక రండి అని చెప్పి వచ్చేశారు. చివరి ఇల్లు అయ్యేసరికి దీపాల వేళయింది. మర్నాటి వాయికి బియ్యం ఇంకా నానబెట్టలేదు. జగ్గమ్మకి పొద్దున్న చెబుదాంలే అనుకుంది నీలవేణి. పొద్దున్న కూడా చెప్పలేదు. మరిచిపోయిందనడానికి లేదు. బయలుదేరే ముందు కూడా ఆ ఇంటి వైపు ఒకసారి చూసింది. పిలవడం ఇంత ఆలస్యమైందేమని అత్త అడిగితే ఏం చెప్పాలో తోచక అలాగే ఆటో ఎక్కింది.

సభ ఊరి సామాజిక భవనంలో పెట్టారు. మురీల వీధి ఆడవాళ్ళు పట్టుచీరల్లో, పూలతో దిగేసరికి సభ అంటే ఇలా ఉంటుందని ఎన్నడూ ఎరగని ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నీలవేణిని ముందు వరసలో కూర్చోబెట్టారు. యుగంధర్ అందరికీ బాదంపాలు ఇప్పించాడు.

ప్లాన్ల విభాగంలో పనిచేసే గిరిబాబు మైకు ముందు నిలబడి కాగితం చదివాడు. సర్వే నంబర్లు చదివాడు. హద్దులు చదివాడు. వ్యాపార వినియోగం నుంచి నివాస వినియోగానికి మార్చుటకు అని చదివాడు. నివాస వినియోగానికి విరుద్ధమైన కార్యకలాపములు అనుమతింపబడవు అని కూడా చదివాడు. అన్నీ ఒకే గొంతుతో, ఎక్కడా ఆగకుండా చదివాడు. ఇళ్ళ స్థలం అన్న మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్న వాళ్ళకి మిగతావన్నీ ఆఫీసు మంత్రాల్లాగే వినిపించాయి.

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని ఆఫీసరు అడిగాడు.

వెనకెక్కడో ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి నోరు నొక్కింది.

"మొహమాటం లేకుండా చెప్పండమ్మా. ఎవరికైనా ఏదైనా సందేహం ఉందా?"

నీలవేణి వెనక్కి తిరిగి చూడలేదు గాని వీధంతా తన వెనక ఉందని వీపుకి తెలుస్తోంది. లేచి నిలబడి, "సందేహాలేటీ నేవు బాబూ. మాకు ఇల్లు గావాల" అంది. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. గాజులు ఒక్కసారిగా గలగలమన్నాయి. గుమ్మం దగ్గర బల్ల వేసి ఒక ప్యూను వేలిముద్రలూ సంతకాలూ తీసుకున్నాడు. నీలవేణి అందరికంటే ఆఖర్న వెళ్ళి, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు జాగా ఊడ్చి, ముగ్గుపిండితో ఇల్లు గీసింది. ఇదిగో ఇది ముందు గది, ఇది పడకగది, ఇది వంటిల్లు అని సోములుకి చూపించింది. సోములు చెప్పులిప్పి, గీత మీంచి తొక్కకుండా గుమ్మం వదిలిన చోటు నుంచే లోపలికి వెళ్ళి, పడకగదిలో కూర్చుని, "ఫేను ఏదే?" అన్నాడు. నీలవేణికి నవ్వాగలేదు. చివర్న ఇంటి ముందు గుండ్రంగా బట్టీ గీసింది. గుమ్మానికి కాస్త ఎడంగా గీసింది, కొత్త గోడకి మసి పట్టకూడదని.

శుక్రవారం జగ్గమ్మ మురీల బస్తాలతో పొద్దున్నే సంతకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గిరిబాబూ, యుగంధర్ మనుషులు ఇద్దరూ టేపు పట్టుకుని వీధి కొలవడానికి వచ్చారు. నీలవేణి వాళ్ళకి మజ్జిగ ఇచ్చింది. ముగ్గు గీతలు చూసి గిరిబాబు సరదాపడ్డాడు.

"ప్లాను మీరే గీసేశారే! బాగుందమ్మా. ఈ గుండ్రంగా ఉన్నదేమిటి, తులసికోటా?"

"బట్టీ బాబూ."

గిరిబాబు గ్లాసు కింద పెట్టాడు. "బట్టీ ఉండదు కదమ్మా."

"ఉండదంటే?"

"ఇళ్ళ స్థలం అయిపోయాక ఇక బట్టీలు ఎలా ఉంటాయి? పొగ, ఊకబూడిద. ఆర్డరు వచ్చాక లైసెన్సు మళ్ళీ ఇవ్వరు. వచ్చే ఏడాదికల్లా తీసెయ్యాలి. నిన్న చదివాను కదమ్మా."

నీలవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నమ్మబుద్ధి కాలేదు. మురీల వీధిలో బట్టీ అంటే ఇంటికి వేరేగా ఉండే వ్యాపారమని ఎవరూ అనుకోరు. అది ఇంట్లో భాగం. పిల్లల్ని దాని వెచ్చన పడుకోబెడతారు, దాని మీదే నీళ్ళు కాచుకుంటారు, సంబంధానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసే పిల్లనిస్తారు. ఇల్లు అడిగినవాళ్ళు బట్టీ వదులుకుంటున్నారని ఎవరికి తోస్తుంది? ఇంటికి అనుమతి అడిగితే వంటింటి పొయ్యికి వేరేగా అడగాలా?

"మరి మేం ఎక్కడ సేసుకోవాల?" అంది.

"హైవే అవతల వ్యాపార స్థలం ఉందిగా. అక్కడ ఎక్కడైనా కొనుక్కోవచ్చు."

"కొనుక్కోడానికి మాకాడ ఏటున్నాది బాబూ? నిన్న ఈ ముక్క తెలుగులో ఎందుకు సెప్పనేదు?"

"తెలుగులోనే చదివానమ్మా" అన్నాడు గిరిబాబు. అతను చెడ్డవాడు కాదు, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అభ్యంతరాలున్నాయా అని రెండుసార్లు అడిగారు. మీరే కదా లేచి సందేహాలేవీ లేవన్నారు."

అప్పటికి వీధిలో వాళ్ళందరూ చుట్టూ చేరారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. కేకలేసినా బాగుండునని నీలవేణికి తర్వాత అనిపించింది. ధనలక్ష్మి మాత్రం, "నువ్వు బొట్టెట్టి పిలిస్తే వచ్చినాం నీలేణీ" అంది. అని, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆవిడా పక్కనుండి గడప గడపకీ తిరిగిందే. ఆ మాట గుర్తుచేసే ఓపిక నీలవేణికి లేకపోయింది.

సోములు ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని యుగంధర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. యుగంధర్ కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"నేనేం దాచలేదమ్మా. ఇళ్ళు కావాలన్నారు, ఇళ్ళు వచ్చేలా చేశాను. మీ బట్టీలు ఉండాలంటే నా ప్లాట్లు ఎవడు కొంటాడు? పొగలో ఎవడు కాపురం ఉంటాడు చెప్పు. బట్టీల గురించి మీరు ఒక్క మాటైనా అడిగారా?"

అడగలేదు. సోములు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపి నీలవేణి లేచింది. తిరిగి వచ్చేదారిలో ఆఫీసు ముందు గిరిబాబు బండి స్టార్టు చేస్తూ కనిపించాడు. వీళ్ళని చూసి బండి ఆపాడు.

"ఒక్కటుందమ్మా" అన్నాడు అటూ ఇటూ చూసి. "సభలో ఒప్పుకుని వేలు వేసినవాళ్ళు ఇప్పుడు కాదంటే చెల్లదు. కాని అభ్యంతరాలకి సోమవారం దాకా గడువుంది. సభకి రానివాళ్ళు, ఆ వీధిలో జాగా ఉన్నవాళ్ళు ఒక్కరైనా వచ్చి మాకు బట్టీ ఉండాలి అని అడిగితే చాలు, మళ్ళీ విచారణ పెట్టి తీరాలి. అప్పుడు ఇళ్ళూ బట్టీలూ రెండూ ఉండేలా అడుక్కోవచ్చు. అలా రానివాళ్ళు ఎవరైనా మిగిలారా?"

సోములు పెదవి విరిచాడు. "ఎవులు మిగుల్తారు బాబూ, ఈదంతా వచ్చినాది."

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నీలవేణికి జగ్గమ్మ గడపే కళ్ళల్లో మెదులుతూ ఉంది. తనకి కలిగింది సిగ్గో, ఆశో ఆవిడకే తెలియలేదు. తను చేసిన తప్పే ఇప్పుడు వీధిని నిలబెట్టేలా ఉంది. పిలవకపోవడమే మేలైందని సంతోషించాలా? అలా సంతోషించబోయిన తన మనసు మీద తనకే అసహ్యం వేసింది. ఆ సంగతి సోములుకి ఆ రాత్రి కూడా చెప్పలేదు.

శనివారం పొద్దున్న తన పొయ్యి వెలిగించకుండా జగ్గమ్మ ఇంటికి వెళ్ళింది. వీధిలో చాలా పొయ్యిలు ఆ రోజు వెలగలేదు. జగ్గమ్మది మాత్రం మామూలుగానే మండుతోంది. సంత నుంచి పొద్దుపోయి వచ్చి పడుకున్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. ఎవరి మొహాలు వాళ్ళు దాచుకుంటున్న వేళ, ఆ గడపకి ప్రత్యేకంగా వెళ్ళి చెప్పేవాళ్ళెవరు?

"రాయే నీలేణీ. ఇయ్యాల పొయ్యి ముట్టించనేదేటి? ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉన్నాను అత్తా."

"అయితే ఇలగ కూకో. నాలుగు గుప్పిళ్ళు ఊకెయ్యి. నా ఎడం సెయ్యి తిరగడం నేదు."

నీలవేణి కూర్చుని ఊక వెయ్యసాగింది. జగ్గమ్మ బియ్యం పోసింది, కలిపింది, ఊడ్చింది. వయసు పైబడ్డా ఆ చేతి వేగం తగ్గలేదు. ఒక్క మురీ కూడా మాడలేదు. నీలవేణి ఒక వాయి అయిందాకా ఆగింది. రెండో వాయి కూడా అయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తప్పయిపోయిందని చెప్పుకోవాలి, వెంటనే సాయం అడగాలి. రెండూ ఒకే నోటితో అనడం ఎలా?

చివరికి, "అత్తా, మొన్న సభకి నిన్ను పిలవనేదు. తప్పయిపోయినాది" అంది.

"సాల్లే. దానికేటి ఇప్పుడు."

"ఆ రోజు నువ్వు ఇంటికాడే ఉన్నావు కదా?"

జగ్గమ్మ జల్లెడ ఆడించడం ఆపకుండా, "నేదే, వచ్చినాను" అంది.

నీలవేణి చేతిలో ఊక అలాగే ఉండిపోయింది.

"ఎక్కడికొచ్చినావు?"

"సభకే. మీ ఆటోలెల్లిపోయినాక నడుసుకుని వచ్చినాను. ఎనకాల, సెప్పులిప్పిన కాడ నిల్సున్నాను. నీకు అగుపడనేదు, ముందు కూకున్నావు కదా. అందరూ సేతులెత్తినారు, నేనూ ఎత్తినాను. ఈదంతా ఒక మాటనుకున్నాక నేనొక్కర్తినీ ఏరేగా ఉంటానేటి?"

"వేలు?"

"అదీ ఏసినాను. గుమ్మంకాడ ప్యూనుబాబు ఉన్నాడు కదా, ముందుగాల నా సేతే ఏయించీసినాడు. ఏసీసి బేగి వచ్చీసినాను. శుభమాని మీరందరూ బయటికొస్తా ఉంటే, నేను గుమ్మంకాడ ఎదురైతే ఏటి బాగుంటాది?"

అదేదో ఎండనో వాననో గురించి చెబుతున్నట్టే చెప్పింది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే నీలవేణికి తేలికయ్యేది. పొయ్యిలో మంట తగ్గింది. ఊక వెయ్యడం మరిచిపోయానని తెలిసి నీలవేణి గుప్పెడు విసిరింది, పొగ కళ్ళల్లోకి కొట్టింది. పొగ కాకపోయినా కళ్ళు ఆగేలా లేవు. నలభై గడపలకి చీర కట్టుకుని వెళ్ళి బొట్టు పెట్టింది. పిలవకుండా నడిచి వచ్చి, చెప్పుల దగ్గర నిలబడి, వీధి మాట నిలబెట్టింది ఈ ఒక్క మనిషే. మిగిలిన ఆ ఒక్క దారీ మూసుకుపోయిందన్న బాధ కూడా ఆ క్షణంలో రెండోదే అయింది.

"ఏడుస్తన్నావేటే?" అంది జగ్గమ్మ. "పిలవనేదనా? నాకు తెల్దేటి మన ఆసారాలు? నేను మాత్రం నీ వయసులో ఎన్ని గడపలు దాటి ఎల్లనేదు? ఊరుకో."

జగ్గమ్మ జల్లెడలో మురీలు బుట్టలో గుమ్మరించి, కింద రాలిన ఇసకని మళ్ళీ మూకుట్లో పోసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది.

"ఒకటి మాత్రం అడగాలనుకున్నానే ఆ రోజు. ఆ ఆఫీసరు బాబు రెండోపాలి అడిగినాడు కదా, ఎవులికైనా సందేహమున్నాదా అనీసి. నాకు నోటిదాకా వచ్చినాది. ఇల్లిస్తే మంచిదే బాబూ, మరి మా పొయ్యిలు ఎక్కడెట్టుకోవాల అని."

నీలవేణి తలెత్తలేదు.

"అడగనేకపోయినాను. పిలవకుండా వచ్చినదాన్ని, అంతమంది మజ్జిన నోరు తెరిస్తే ఎవులు రమ్మన్నారే నిన్ను అంటే ఏటి సెప్తాను? అయినా నువ్వు ముందు కూకున్నావు. నేను నేర్పిన పిల్లవి, పొయ్యి సంగతి నువ్వడక్కుండా ఉంటావేటి అనుకున్నాను. అడిగే ఉంటావులే. ఏటన్నారు? ఎక్కడెట్టుకోమన్నారు?"

"అడగనేదత్తా" అంది నీలవేణి.

జగ్గమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. వీధి వైపు చూసింది. వరసగా పొగ లేని బట్టీలు అప్పుడు కనిపించాయి ఆవిడకి. కాగిన ఇసక ఊరికే చల్లారిపోతుందని, మిగిలిన బియ్యం తెచ్చి మూకుట్లో పోసి కలపడం మొదలుపెట్టింది. నీలవేణి ఊక వేసింది.